కాఫీకి ముందు ముప్పై నిమిషాల మహాసంగ్రామం

వినండి, వినేవాళ్లంతా వినండి. పీలినెన్ మహాసరోవరం మూడడుగుల మంచుకవచం తొడుగుకొని నిశ్చలసమాధిలో మునిగి ఉండగా, దేవదారు బారులు హిమకిరీటభారంతో శిరస్సులు వంచి నిలిచి ఉండగా, శూన్యానికి ఇరవై రెండు డిగ్రీల దిగువన పొంచి ఉన్న శైత్యం మనుషుల ముక్కుపుటాలలో సూదులు గుచ్చుతుండగా, ఫిబ్రవరి మాసపు చివరి సోమవారం ఉదయం ఏడు గంటల అయిదు నిమిషాలకు, హర్యువారా గ్రామంలో, పసుపుపచ్చని చెక్క ఇంటి వంటగదిలో, డెబ్భై తొమ్మిదేళ్ల వృద్ధవీరుడొకడు ఒక చేత ఆవగింజంత మాత్రా, మరొక చేత కాఫీ సాసరూ ధరించి, తాను ఒక మహాయుద్ధం మధ్యలో ఉన్నానన్న సంగతే తెలియక కూర్చొని ఉన్నాడు.

ఈ గాథకు ముందు ఏ దేవతకూ స్తుతి లేదు. ఫిన్లాండులో ఎవరు గడప తొక్కినా ముందు కాఫీ పోయాలి, దేవత వచ్చినా అంతే. ఈ కథలో ఆ పోయడమే అసలు గొడవ. కాబట్టి ఎవరినీ పిలవకుండా నేరుగా రంగంలోకి దిగుదాం.

ఆ వీరుడి పేరు ఉర్హో పీరోయినెన్. వాళ్ల భాషలో ఉర్హో అంటే శూరుడు. పేరు పెట్టినవాళ్లు పొరబడలేదు. నలభై ఒక్క సంవత్సరాలు కోతమిల్లులో దుంగలతో మల్లయుద్ధం చేసినవాడు, రంపానికి ఎడమచేతి చిటికెనవేలు సమర్పించి ఆ మధ్యాహ్నమే మళ్లీ పనిలోకి దిగినవాడు, దారుభంజకుడు, రంపానికి చెలికాడైన క్రకచమిత్రుడు, సరస్సు మీద తొలిచిన మంచుబిలాల ముంగిట కూర్చొని మత్స్యకులాన్ని గడగడలాడించినవాడు. అంతటివాణ్ణి ఈ రెండేళ్లలో పడగొట్టింది ఎవరయ్యా అంటే, గొంతులో ఉండే చిటికెడు గ్రంథి. థైరాయిడు. అది కోరికల పత్రమైనా ఇవ్వకుండా సమ్మె కట్టింది. దాంతో మాంద్యాసురుడు ఆ దేహరాజ్యంలో ప్రవేశించాడు. వీరుడు వెచ్చని ఇంట్లో రెండు ఊలు కోట్లు తొడుక్కొని వణికాడు. మంచుబిలం పక్కన గాలం పట్టుకొని నిద్రపోతే చేపలు ఎర తినేసి, తీరిగ్గా వెళ్లిపోయాయి.

ఇంతే అయితే ఈ గాథ పుట్టేది కాదు. ఉర్హోకి కుడి మోకాలు అరిగిపోయింది. ఏటా జూన్‌లో మధ్యవేసవి పండుగనాడు సరస్సు ఒడ్డున చెక్కవేదిక మీద భార్య ఎల్మాతో టాంగో ఆడటం ఆయనకు యాభై ఏళ్ల వ్రతం. గడిచిన రెండు జూన్‌లూ ఎల్మా పక్కింటివాళ్లతో ఆడింది; ఈయన ఆమె చేతిసంచి ఒళ్లో పెట్టుకొని బల్ల మీద కూర్చొన్నాడు. సంచిని గట్టిగా పట్టుకొన్నాడు.

మోకాలు మార్చడానికి ఆసుపత్రి మే అయిదో తేదీ ఇచ్చింది. దానికో షరతు ఉంది. ఏప్రిల్ మూడో వారంలో రక్తపరీక్ష. మందు చాలకపోతే పెరిగేది, పద్దెనిమిది దగ్గర కూర్చొన్నది అయిన థైరాయిడ్ అంకె అయిదుకైనా దిగాలి. దిగకపోతే కత్తి పట్టరు, తేదీ ఇంకొకరికి పోతుంది, ఉర్హో వరుస చివరికి పోతాడు. కిందటి శరత్తులో ఒకసారి అచ్చంగా అలాగే పోయాడు. డెబ్భై తొమ్మిదేళ్లవాడికి వరుస చివర అంటే ఏమిటో విడమరిచి చెప్పనక్కర్లేదు.

అంకె దిగడం కోసం డాక్టరు మాత్ర మోతాదు మూడుసార్లు పెంచాడు. అంకె కదలలేదు. ముసలాయన మాత్రలు మరచిపోతున్నాడేమోనన్న అనుమానంతో, గృహసేవ నర్సు రోజూ పొద్దున్నే వచ్చి కళ్లముందు మింగించాలని ఆజ్ఞ అయింది. అలా వచ్చిన యోధురాలే రీక్కా: ముప్పై నాలుగేళ్ల మనిషి, చిన్న తెల్ల కారు రథంగా, చెవులు కప్పే ఊలుటోపీ శిరస్త్రాణంగా, వారానికి ఏడు గదుల మాత్రల డబ్బా సప్తద్వారదుర్గంగా, చేతిలో ఫోను. ఆ ఫోను ఆయుధం కాదు, సంకెల. గడప తొక్కగానే అందులో నొక్కాలి, గడప దాటగానే నొక్కాలి. ఉర్హో ఇంటికి దక్కిన కాలం పన్నెండు నిమిషాలు. ఆ పన్నెండు అని రాసినవాడు ఎప్పుడైనా మైనస్ ఇరవై రెండు డిగ్రీల చలిలో బూట్లు విప్పి, మళ్లీ తొడుక్కొని చూశాడా? చూడలేదు. బూట్లకే నాలుగు నిమిషాలు పోతాయి.

అయినా రీక్కా నూట పది ఉదయాలు వచ్చింది. నూట పదిసార్లూ ఒకటే ప్రశ్న అడిగింది: ఏమైనా తిన్నారా? నూట పదిసార్లూ ఒకటే జవాబు: ఏమీ లేదు. మాత్ర నోట్లో పడటం కళ్లారా చూసింది, ‘ఖాళీ కడుపున మింగించడమైనది’ అని నొక్కింది. అంకె మాత్రం పద్దెనిమిది దగ్గరే పీట వేసుకొని కూర్చొంది.

డాక్టరు ఫోన్ చేసి, మాత్ర నిజంగా లోపలికే పోతోందా అని మర్యాదగానే అడిగాడు. ఉర్హో అవమానంతో మూడు రోజులు మౌనవ్రతం పట్టాడు. అంతకుముందు కూడా పెద్దగా మాట్లాడింది లేదు కాబట్టి ఎల్మా గమనించలేదు. ఆమెకూ అనుమానం పుట్టి సోఫా దిండ్ల కింద, పూలకుండీల్లో, పొయ్యి బూడిదలో వెతికింది.

“ఎక్కడ దాస్తున్నావో చెప్పయ్యా, నేనేమీ అననులే.”

“కడుపులో దాస్తున్నా.”

అదీ పరిస్థితి. ఇక ఆ సోమవారానికి వద్దాం.

ఆ ఉదయం కూడా ఎల్మా నీలిపూల కప్పులు మూడు పేర్చి, ఏలకుల బన్ను కోసి, నురగలు కక్కే కాఫీకూజా ఎత్తి, ఉర్హో సాసరు నింపి, అతిథి కప్పు వైపు వంచింది. అప్పుడు ఆ ఇంట్లో, ఆ ఇల్లు కట్టిన నాటినుంచీ ఎవరి నోటా వినబడని మాట ఒకటి వినబడింది.

“ఇవాళ నాకు కాఫీ వద్దు ఎల్మా గారూ.”

కూజా గాలిలో ఆగింది. గోడ గడియారం ఆగలేదు గానీ, ఆగిపోదామా అని ఆలోచించినట్టుంది. పిడుగు పడినా చెదరని ఎల్మా ముఖం చెదిరింది.

“నిన్నటి పాలు తేడా చేశాయా తల్లీ?”

“అయ్యో, లేదండీ.”

“మరి బన్ను ఎండిపోయిందా?”

“అది కాదండీ. నాకు రక్తం తక్కువుందని ఐరన్ మాత్రలిచ్చారు. ఇప్పుడే వేసుకొచ్చాను. కాఫీతో పడితే ఒంటికి పట్టదంట, మందుల షాపామె గట్టిగా చెప్పింది. కాఫీ తాగితే ఆ మందంతా...”

రీక్కా మాట అక్కడే తెగిపోయింది. ఆమె కళ్లెదుట, నూట పదకొండో ఉదయం, ఉర్హో పీరోయినెన్ మాత్రను నాలుక మీద పెట్టి, చక్కెరగడ్డ పళ్ల మధ్య బిగించి, సాసర్‌లో పోసిన కాఫీని జుర్రున పీల్చి, రెండింటినీ కలిపి లోపలికి పంపించాడు.

“ఉర్హో గారూ, మీరు మాత్ర రోజూ దేంతో మింగుతారు?”

“నోటితో.”

“దేంతో పాటు అంటున్నానండీ.”

“కాఫీతో. ఇంకా దేంతో మింగుతారు?”

“మరి ఏమైనా తిన్నారా అంటే రోజూ ఏమీ లేదన్నారు కదా.”

“కడుపు ఖాళీయే కదా. కాఫీ తప్ప ఏముందందులో?”

అబద్ధం చెప్పలేదు ఆ మహానుభావుడు. ఆ దేశంలో కాఫీ తిండీ కాదు, తాగుడూ కాదు, గాలి. గాలి పీల్చారా అని ఏ నర్సూ అడగదు. రీక్కా కూడా అక్కడే పుట్టిన మనిషి కాబట్టి, నూట పది ఉదయాలు తన చేతిలోనూ కప్పు పట్టుకొని, శత్రువు పక్కనే కూర్చొని, శత్రువునే గుక్కలుగా తాగుతూ, శత్రువు ఎక్కడున్నాడా అని దిక్కులు చూసింది. మాత్రల పెట్టెలో మడతపెట్టిన కాగితం మీద, కాఫీతో పడితే ఈ మందూ ఒంటికి పట్టదన్న సంగతంతా రాసే ఉంది, చీమకాలంత అక్షరాల్లో, డెబ్భై తొమ్మిదేళ్ల కళ్లు చదువుకోమని.

ఆమె సిగ్గుపడింది. సిగ్గుపడి కూర్చోలేదు. అక్కడికక్కడే డాక్టరుకు ఫోన్ చేసింది. మందు ఇక ఒంటికి పడుతుంది కాబట్టి మోతాదు ఒక మెట్టు దించుదామని ఆయన అన్నాడు; మాత్ర నీళ్లతో మింగాలి, ఆ తరువాత అరగంట దాకా కాఫీ ముట్టకూడదు; ఏడు వారాలు అలా నడిస్తే ఏప్రిల్ పరీక్షకు అంకె దిగుతుంది.

ఆ అరగంట అన్న మాట విని వీరుడు చేసిన భీషణ ప్రతిజ్ఞను గ్రంథస్థం చేయాలంటే ఇలా ఉంటుంది: ‘ఓ నర్సుశిఖామణీ! సప్తసముద్రములు కాఫీయై నా గుమ్మము ముంగిట పొంగి పొరలుగాక, తత్పరిమళము దశదిశలనుండి నన్ను ముట్టడించుగాక, నా కరము వణకుగాక, నా శిరము పగులుగాక, త్రింశన్నిమిషపర్యంతము ఒక్క బిందువైనను నా జిహ్వను తాకనీయను, ఇది నా చిటికెనవ్రేలిమీద ఆన, ఏ వ్రేలు కోతమిల్లులోనే యున్నదో ఆ వ్రేలి మీద!’

నిజానికి ఆయన అన్నది “సరేలే”. ఆ ప్రాంతంలో దాని బరువు పైన రాసినంతా ఉంటుంది.

ప్రతిజ్ఞ చేయడం తేలిక. మంగళవారం వీరుడు ఏడు నిమిషాలు నిలిచాడు. బుధవారం కాఫీ వాసన తగలకుండా కుంటుకుంటూ కట్టెల కొట్టానికి వెళ్లి, చలికి పదో నిమిషంలో తిరిగొచ్చాడు. వచ్చేసరికి కప్పు నిండి ఉంది. గురువారం రీక్కా గడప దాటగానే ఏం జరిగిందో ఎవరూ చెప్పలేదు గానీ, శుక్రవారం ఆమె అడిగితే భార్యాభర్తలిద్దరూ కిటికీలోంచి ఒకే చెట్టును చూశారు.

లోపం వీరుడిలో లేదు, వీరపత్నిలోనూ లేదు. అది వ్యూహంలో ఉంది. అతిథి వచ్చినప్పుడు కాఫీ పోయకుండా ఎలా? పోస్తే అతిథి ఒక్కతే ఎలా తాగుతుంది? ఇంటివాళ్లు తోడు పట్టాలి. అలా మర్యాద అనే మహాగజం రోజూ వచ్చి కోటగోడను తొక్కేసి పోతోంది. రీక్కా తనకు వద్దంటే ఎల్మా ముఖం చిన్నబోతోంది. అరగంట కాపలా ఉందామంటే ఫోను పన్నెండో నిమిషానికి కూస్తోంది.

“తప్పు నాదేనమ్మా,” అంది ఎల్మా ఆ శుక్రవారం, చేతులు ఆప్రానుకు తుడుచుకుంటూ. “ఇంటికొచ్చిన మనిషిని ఊరికే పంపడం నాకు చేతకాదు. మా అమ్మకీ చేతకాలేదు. ఆయనకి మోకాలు బాగవకపోతే అది నా కాఫీ వల్లే.”

ఆ మాట మోసుకొని రీక్కా కారెక్కింది. సరస్సు వంకర తిరిగే చోట కారు ఆపి, ఫ్లాస్కు మూతలో పోసుకొన్న చల్లారిన కాఫీ ఒంటరిగా తాగింది. ఐరన్ మాత్రను అప్పటికే రాత్రికి మార్చుకొంది. ఇది ఆమె కాఫీ విరామం. ఈ విరామం ఎవరూ దయతలచి ఇచ్చింది కాదు. పనివాళ్లు గేట్ల ముందు నిలబడి, పళ్లు బిగించి, ఒప్పందంలో రాయించుకొన్నది. ఉర్హో కూడా మిల్లు గేటు దగ్గర పదకొండు రోజులు నిలబడి రాయించుకొన్నవాళ్లలో ఒకడు. అలాంటి హక్కును ఆమె రోజూ మంచు పేరుకొన్న దారి పక్కన, స్టీరింగుకు మోచెయ్యి ఆన్చి, ఎల్మా వంటగదికి రెండు కిలోమీటర్ల దూరంలో తగలేస్తోంది.

మూత చేతిలోనే ఉండగా ఆమెకు వ్యూహం తట్టింది.

సోమవారం ఏడూ అయిదుకు వచ్చి, మాత్రా ఒక గ్లాసు నీళ్లూ ఉర్హో చేతికిచ్చి, మింగించి, ఎల్మాతో చెప్పింది: “ఇప్పుడు నేను అతిథిని కాదు, పనిమీద వచ్చాను. పనిలో ఉన్నవాళ్లకి కాఫీ పోయక్కర్లేదు. అవతలి గట్టున ముసలామెకి కంట్లో చుక్కలు వేసి, సరిగ్గా ఏడూ ముప్పై అయిదు దాటగానే నా విరామంలో వస్తాను. అప్పుడు అతిథిని. కప్పులు పెట్టి ఉంచండి.”

ఎల్మా ఒక క్షణం ఆలోచించింది. ఆమె ముఖం వెలిగింది. అతిథి వస్తానని చెప్పి వెళ్లింది; అతిథి రాకముందే ఇంటివాళ్లు తాగేస్తారా? అంతకంటే సిగ్గులేని పని ఉంటుందా? కోటను కూల్చిన ఏనుగే ఇప్పుడు కోటద్వారానికి అడ్డంగా పడుకొంది.

ఇక సంగ్రామం.

ఆకాశం మాత్రం శత్రుపక్షాన నిలిచింది. రీక్కా కారు వంపు తిరిగిందో లేదో, ఈశాన్యం నుంచి హిమఝంఝ లేచి, ధవళధూళిపటలంతో దారినీ కంచెనూ పోస్టుడబ్బానూ మింగేసింది. వంటగదిలో ఇద్దరూ ఎదురెదురుగా కూర్చొన్నారు. మధ్యన మూడు ఖాళీ కప్పులు, గుడ్డ కప్పిన బన్ను, పొడి వేసి నీళ్లు నింపి, మీట నొక్కకుండా ఉంచిన కాఫీయంత్రం.

అయిదో నిమిషం: నీళ్ల రుచి గురించి ఉర్హో ఆలోచించాడు. రుచి లేదనుకొన్నాడు.

పన్నెండో నిమిషం: పొడి సరిపోయిందో లేదో చూద్దామని ఎల్మా డబ్బా మూత తీసింది. అంతే, సన్నగా వేయించిన గింజల సుగంధాస్త్రం మంత్రప్రయోగం లేకుండానే విడుదలై, వంటగదిని ఒక్క చుట్టు చుట్టి, వీరుడి నాసాద్వారాలను ఛేదించుకొని మెదడు మధ్యన దిగబడింది. ఆయన బల్ల అంచు పట్టుకొన్నాడు. ఎల్మా మూత పెట్టేసి, డబ్బాను అలమరాలో పెట్టి, అలమరా తలుపుకు వీపు ఆన్చి నిలబడింది.

పదిహేడో నిమిషం: కుడిచెయ్యి యజమాని ఆజ్ఞ లేకుండా లేచి, ఖాళీ కప్పును ఎత్తి, పెదవులకు తాకించి, గాలి తాగి, మళ్లీ కింద పెట్టింది. ఇద్దరూ చూడనట్టే ఉన్నారు.

ఇరవై మూడో నిమిషం: అరవై ఏళ్లుగా పొద్దున్నే కప్పం అందుకొంటున్న శిరస్సు తిరుగుబాటు చేసి కణతల దగ్గర సమ్మెటలు కొట్టింది. ఆయన తట్టుకొన్నాడు. తట్టుకోలేకపోయింది ఎల్మా. ఆమెకూ అదే తలనొప్పి. ఆమెకు ఏ డాక్టరూ చెప్పలేదు, ఏ మాత్రా లేదు, తోడు కోసం మానుకొంది.

“ఒక్క గుక్క తాగితే ఏమవుతుందయ్యా,” అంది గోడతో చెబుతున్నట్టు.

ఉర్హో కిటికీ వైపు తిరిగాడు.

“జూన్‌లో నీ సంచి బరువుగా ఉంటుంది,” అన్నాడు.

ఎల్మాకు అర్థమైంది. ఆమె వచ్చి కూర్చొని, తన చేతిని ఆయన నాలుగు వేళ్ల చేతి మీద పెట్టింది. అది కాపలాకో, ఓదార్పుకో ఎవరికి తెలుసు.

ముప్పైయో నిమిషం: గడియారం ముల్లు గీత దాటింది. వైద్యశాస్త్రం ప్రకారం యుద్ధం అక్కడే గెలిచారు. ఎల్మా వేలు మీట మీదికి వెళ్లింది.

“అమ్మాయి రాలేదు,” అన్నాడు ఉర్హో.

“దారి మూసుకుపోయింది కదా. ఎప్పుడొస్తుందో ఏమో.”

“వస్తానంది.”

మీట మీది వేలు వెనక్కి వచ్చింది. ముప్పై అయిదు. నలభై. నలభై ఎనిమిది. శాస్త్రం అడగనిది, డాక్టరు చెప్పనిది, ఎవరి కాగితంలోనూ రాయనిది ఆ ఇద్దరూ కూర్చొని చేశారు. యాభై మూడో నిమిషాన మంచుతోసే బండి పసుపు దీపం కిటికీ మీద తిరిగింది, దాని వెనకే చిన్న తెల్ల కారు. మోకాళ్లదాకా మంచుతో రీక్కా లోపలికి వచ్చి, ఖాళీ కప్పులు చూసి నిలబడిపోయింది.

“మీరింకా తాగలేదా? అరగంట చాలన్నాను కదండీ.”

“దారి బాగోలేదు,” అన్నాడు ఉర్హో. “తొందరేముంది.”

ఎల్మా మీట నొక్కింది.

రెండో వారం రీక్కాకు పైఅధికారి ఫోన్ చేసి, ఆమె ఫోను ఒకే ఇంటి దగ్గర రోజూ రెండుసార్లు ఆగినట్టు చూపిస్తోందనీ, ఆ రెండో సందర్శన ఏ పద్దు కింద రాయాలనీ అడిగాడు. ఆమె బన్ను నములుతూనే జవాబు చెప్పింది: “ఏ పద్దు కిందా రాయకండి. అది నా కాఫీ విరామం. ఒప్పందంలో ఉంది, చదువుకోండి. ఎవరింట్లో తాగాలో కూడా మీరే రాసిస్తారా?” అవతల ఫోను పెట్టేశారు. పక్కనుంచి ఇదంతా విన్న ఉర్హో తన సాసరు పక్కన పెట్టి, ఆమె కప్పులో రెండోసారి కాఫీ తన చేత్తో పోశాడు. ఆ ఇంట్లో ఆయన పోయడం అదే మొదలు.

ఏడు వారాలు గడిచాయి. సరస్సు మీది కవచం నల్లబడి, పగుళ్లిచ్చి, అంచుల్లో నీరు మెరిసింది. ఉర్హో ఒక ఊలు కోటు విప్పి కొక్కేనికి తగిలించాడు. మంచుబిలం దగ్గర మెలకువగా కూర్చొని, ఎర దొంగలలో తొమ్మిదింటిని పట్టుకొచ్చాడు. ఏప్రిల్ ఇరవైన రక్తం తీశారు. ఇరవై రెండున అంకె వచ్చింది: నాలుగూ పాయింటు ఒకటి. మే అయిదో తేదీ ఎక్కడికీ పోలేదు.

ఎల్మా అటక మీదనుంచి నాట్యపు బూట్లు దించి, దుమ్ము దులిపి, ఆయన కుర్చీ పక్కన పెట్టింది.

“మరి నా సంచి ఎవరు పట్టుకుంటారయ్యా ఈసారి?”

ఆయన గడియారం చూశాడు. ఏడూ ముప్పై నాలుగు.

“రీక్కా పట్టుకుంటుందిలే. విరామం ఉంది కదా.”

కాబట్టి దిక్కులారా, దేవదారులారా, కరుగుతున్న మంచులారా, పన్నెండు నిమిషాలు రాసిన పెద్దమనుషులారా, అందరూ వినండి. దారుభంజకుడూ క్రకచమిత్రుడూ అయిన ఉర్హో పీరోయినెన్, ధర్మపత్నీసమేతుడై, నర్సు సారథ్యంలో, ఒక గ్లాసు నీళ్లతో, నలభై తొమ్మిది ఉదయాలు వరుసగా అరగంట సేపు కాఫీ తాగకుండా కూర్చొన్నాడు. ఇది చిన్న సంగతి అనుకొనేవాళ్లు రేపు పొద్దున్న ఒక్కరోజు కూర్చొని చూడండి.